తీగల కంటే ముందు నీళ్లు చూడు

మా మనవరాలు సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి పోయిన నెలలో వంతెనలు కట్టే ఒక కంపెనీలో చేరింది. చేరిన రోజు సాయంత్రం మిఠాయి డబ్బా పట్టుకుని సికింద్రాబాద్ లాలాగూడలోని మా ఇంటికి వచ్చింది. "తాతా, మా ఆఫీసులో అందరూ కేబుల్ బ్రిడ్జిల గురించే మాట్లాడుతున్నారు. నీకు తెలిసింది చెప్పవా" అని అడిగింది.

నేను కేబుల్ బ్రిడ్జి కట్టినవాణ్ని కాదు. 1971లో దక్షిణ మధ్య రైల్వేలో చేరి 2008లో రిటైరయ్యేదాకా గర్డర్ల కింద, పీర్ల పక్కన బతికినవాణ్ని. మా కాలంలో రైలుకు తీగల వంతెన అన్న మాటే లేదు. దేశంలో మొదటి కేబుల్ రైలు వంతెన, జమ్మూ కశ్మీర్‌లోని అంజి ఖడ్ వంతెన, 2025 జూన్ 6న ప్రారంభమైతే టీవీ ముందు కూర్చుని చూశాను. కానీ రిటైరయ్యాక వంతెనలు చూడడానికే ఊళ్లు తిరిగాను. కరీంనగర్‌లో మానేరు మీది తీగల వంతెనకు నాలుగుసార్లు వెళ్లాను. హైదరాబాద్‌లోని దుర్గంచెరువు వంతెన సగం కట్టి ఉన్నప్పటి నుంచి నాకు తెలుసు. బిడ్డ అడిగినదానికి ఒక్క సాయంత్రంలో జవాబు చెప్పలేక ఇలా రాశాను. ఆమెతో పాటు చేరిన పిల్లలకు కూడా పనికొస్తుందేమో.

1. ముందు నీళ్లు చూడు, తర్వాత తీగలు చూడు

కరీంనగర్ వంతెన 2023 జూన్ 21న తెరుచుకుంది. పొడవు దాదాపు అర కిలోమీటరు, తీగలను పట్టుకునే రెండు ఎత్తైన పైలాన్లు, నాలుగు వరసల రోడ్డు. వరంగల్ వెళ్లేవాళ్లకు ఏడు కిలోమీటర్ల దూరం తగ్గింది. మొదటిసారి వెళ్లినప్పుడు నా పక్కన నిలబడ్డవాళ్లంతా తలలెత్తి పైలాన్ల వైపు చూస్తున్నారు. నేను కిందికి దిగే దారి ఎక్కడుందా అని వెతుక్కున్నాను. ఎగువన దిగువ మానేరు డ్యామ్ ఉంది, 24 టీఎంసీల నీళ్లు పట్టేది. గేట్లు మూసి ఉన్నన్నాళ్లు వంతెన కింద ఇసుక, బండలు, నాలుగు పాయల నీళ్లు. గేట్లెత్తిన రోజు అదే చోట ఒడ్డు నుంచి ఒడ్డుకు నది. ఆ రెండు మానేరుల్లో రెండోదాని కోసమే వంతెన కట్టాలి. బొమ్మ గీసేవాడికి మాత్రం ఎప్పుడూ మొదటిదే కనిపిస్తుంది.

మన మూసీ కథ కూడా ఇదే. సికింద్రాబాద్‌కు సొంత నది లేదు. హుస్సేన్‌సాగర్ అలుగు నీళ్లు నాలాగా పోయి మూసీలో కలుస్తాయి, మన బంధుత్వం అంతవరకే. కానీ ఇక్కణ్నుంచి పాతబస్తీకి ఏ పని మీద వెళ్లినా మూసీ దాటాల్సిందే. 1578లో కుతుబ్‌షాహీలు పురానాపూల్ కట్టారు. 1831లో కర్నల్ ఆలిఫంట్ చాదర్‌ఘాట్ వంతెన కట్టాడు. తర్వాత అఫ్జల్‌గంజ్ దగ్గర నయాపూల్ వచ్చింది. 1908 సెప్టెంబర్ 28న వరద వచ్చినప్పుడు కొత్త వంతెనలు తెగిపోయాయి, దెబ్బతిన్నాయి. అప్పటికే 330 ఏళ్ల వయసున్న పురానాపూల్ నిలబడింది. అఫ్జల్ పార్కులో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, వెళ్లి చూడు. ఆ వరదలో వేలమంది పోయారు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి.

రెండు చెరువులు కట్టేశాం కదా, మూసీ ఇక మురుగుకాలువే అనుకుని తర్వాతి తరాలు నది ఒళ్లోకి చొచ్చుకుపోయాయి. 2025 సెప్టెంబర్‌లో, మూసీ ఒళ్లో ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. ప్రయాణికులను తాళ్లు పట్టి బయటికి తెచ్చారు. నది తన దారి మరిచిపోదు బిడ్డా.

తీగల వంతెన వల్ల నదికి జరిగే మేలు నాకు ఇక్కడే కనపడుతుంది. నదిలో దించే ప్రతి పీరూ, అంటే వంతెన కాలు, నీళ్లకు అడ్డమే. పీరు పక్కన నీరు సుడి తిరిగి పునాది కింది ఇసుకను తోడేస్తుంది. మేం దాన్ని కోత అనేవాళ్లం. వరద తగ్గాక గొయ్యి మళ్లీ ఇసుకతో పూడిపోతుంది కాబట్టి, ఎంత లోతు కోసిందో పైనుంచి చూస్తే తెలియదు. పదిహేను పీర్లు దించాల్సిన చోట రెండు దించి మిగతా బరువంతా తీగలకు తగిలించగలిగితే నదికి ఊపిరాడుతుంది. అందం కోసం కట్టాం అని ఎవరైనా చెబితే సరే అను. నువ్వు మాత్రం నీళ్లలో పెట్టకుండా మిగుల్చుకున్న కాళ్లను లెక్కపెట్టు.

2. కావడి మోసిన మనిషిని గుర్తుపెట్టుకో

జనం అన్నింటినీ కలిపి హ్యాంగింగ్ బ్రిడ్జి అంటారు. నువ్వు అలా అనకు. వేలాడే వంతెనలో ఒడ్డు నుంచి ఒడ్డుకు ఒక పెద్ద తీగ దండెంలా సాగి ఉంటుంది. దాని నుంచి చిన్న తీగలు కిందికి దిగి దారిని మోస్తాయి. ఆ పెద్ద తీగ కొసలను రెండు ఒడ్లలో నేల పట్టుకోవాలి. 2022 అక్టోబర్‌లో గుజరాత్‌లోని మోర్బీలో తెగింది ఆ రకం వంతెన, నూట ముప్పై మందికి పైగా చనిపోయారు. అప్పుడు మన దగ్గర కూడా చాలామంది కరీంనగర్ వంతెన గురించి భయపడ్డారు. పేరు ఒకటే వాడితే భయం కూడా ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతుంది.

కేబుల్ స్టేడ్ వంతెన కావడి. బోనాల రోజుల్లో, జాతరల్లో కావడి మోసేవాళ్లను చూశావుగా. భుజం పైలాన్. రెండు వైపులా బరువు సమానంగా వేలాడుతుంది. ఒక వైపు కుండ నింపి రెండో వైపు ఖాళీగా ఉంచితే మనిషి పక్కకు ఒరిగిపోతాడు. వంతెన కూడా అంతే. పైలాన్ నుంచి ఏటవాలుగా దిగిన ప్రతి తీగ దారిని పైకి ఎత్తుతుంది, అదే సమయంలో పైలాన్ వైపుకు లాగుతుంది. ఆ లాగుడంతా దారి తన ఒంట్లో నొక్కుడుగా భరిస్తుంది. కాబట్టి ఇక్కడ దారి ఊరికే మోయించుకునేది కాదు, తీగతో సమానంగా పనిచేసేది. కాలేజీలో ఇది రెండు సమీకరణాలుగా చెప్పి ఉంటారు. సమీకరణం మరిచినా పర్వాలేదు, కావడిని మరవకు.

దుర్గంచెరువు మీదిది కాస్త వేరే రకం. దాన్ని ఎక్స్‌ట్రాడోజ్డ్ అంటారు. పైలాన్లు పొట్టిగా ఉంటాయి, తీగలు పడుకున్నట్టు వాలి ఉంటాయి. బరువులో పెద్ద వాటా కాంక్రీటు దూలమే మోస్తుంది, తీగలు బయటి నుంచి బిగించి సాయం పడతాయి. మొత్తం పొడవు 754 మీటర్లు, మధ్య స్పాన్, అంటే రెండు పైలాన్ల నడుమ దూరం, 233.85 మీటర్లు, ఖర్చు 184 కోట్లు. 2020 సెప్టెంబర్ 25న తెరిచారు. జూబ్లీహిల్స్ 45వ నంబర్ రోడ్డు నుంచి మైండ్‌స్పేస్ వైపు వెళ్లేవాళ్లకు చెరువు చుట్టూ తిరిగే బాధ తప్పింది. పొట్టి పైలాన్ చూసి ఇదేం కేబుల్ బ్రిడ్జి అనుకునేవాళ్లుంటారు. నాకు ఆ పొట్టితనమే నచ్చింది. చుట్టూ ఉన్న బండల ఎత్తుకు తగ్గట్టుంది.

3. కూలిన వంతెన పేరు కూడా నేర్చుకో

ఈ రకం వంతెన కొత్తది కాదు. 1817లో స్కాట్లాండ్‌లో ట్వీడ్ నది మీద డ్రైబరో దగ్గర ఏటవాలు గొలుసులతో కాలినడక వంతెన కట్టారు. మరుసటి ఏడాది జనవరి గాలికే అది పోయింది. అప్పట్లో ఇలాంటివి మరికొన్ని కూడా కూలాయి. ఫ్రాన్స్‌లో నేవియే అనే పెద్ద ఇంజనీరు ఈ వైఫల్యాలను పరిశీలించి వేలాడే వంతెనల వైపు మొగ్గాడు. అంతటి మనిషి మాట కాబట్టి వందేళ్లకు పైగా పెద్ద వంతెనల్లో ఈ పద్ధతి వెనకబడిపోయింది.

తప్పు ఆలోచనలో లేదు. ఆనాటి ఇనుముకు అంత బలం లేదు, ఏ గొలుసు ఎంత లాగుతుందో లెక్కకట్టే దారి కూడా లేదు. తీగను ముందే గట్టిగా బిగించి పెట్టాలని అప్పుడు తెలియదు. వదులుగా ఉన్న గొలుసు దారి బాగా కుంగాక గానీ పనిలోకి దిగేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నదుల మీది వంతెనలెన్నో కూలిపోయాక, తక్కువ ఉక్కుతో తిరిగి కట్టాల్సి వచ్చినప్పుడు ఆ పాత ఆలోచన మళ్లీ లేచింది. జర్మన్ ఇంజనీరు డిషింగర్ ఆలోచనతో స్వీడన్‌లో స్ట్రోమ్‌సుండ్ వంతెన 1956లో తెరుచుకుంది, స్పాన్ 182 మీటర్లకు పైన. మరుసటి ఏడాదే డ్యూసెల్‌డార్ఫ్ ఊరి నడుమ రైన్ నది మీద ఇంకొకటి. ఊరి మధ్య నదికి, కింద పడవలు పోయే చోటుకు ఇదే సరైన వంతెన అని అక్కణ్నుంచి లోకం నమ్మింది.

4. సగం కట్టిన వంతెనకు దండం పెట్టి దూరంగా నిలబడు

పూర్తయిన వంతెన ఏ బరువు మోయాలో లెక్కలో ఉంటుంది. సగం కట్టినదానికి రోజుకో ఆకారం, రోజుకో లెక్క. పైలాన్‌కు అటో సెగ్మెంట్, ఇటో సెగ్మెంట్ ఎక్కించుకుంటూ, ఒక్కో జతకు తీగలు బిగించుకుంటూ రెండు చేతులు చాపినట్టు ముందుకు పోతారు. అవతలి పైలాన్ నుంచి వచ్చే చెయ్యి తగిలేదాకా ఆ కొసలకు కింద ఆసరా లేదు. దుర్గంచెరువు మీద ఆ దశ చూడడానికి వెళ్లినప్పుడు నీళ్ల మీద రెండు కొసలు ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయి. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

తీగ ఎప్పుడు బిగిస్తారో అడిగి తెలుసుకో. ఎండలో ఇనుము సాగుతుంది. 100 మీటర్ల ఉక్కు 30 డిగ్రీల తేడాకు మూడున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. పైలాన్ ఎండ తగిలిన వైపు ఒక రకంగా, నీడ వైపు ఒక రకంగా ఉంటుంది. అందుకే వంతెన ఎంత ఎత్తులో ఉందో తెల్లవారకముందు కొలుస్తారు, రాత్రంతా చల్లారి అన్ని భాగాలూ ఒకే వేడికి వచ్చాక. ఈ పనిలో చేరినదానివి, నీకిక తెల్లవారుజాము నిద్ర ఉండదని మీ అమ్మకు ఇప్పుడే చెప్పు.

రాజస్థాన్‌లో కోటా ఊరి పక్కన చంబల్ మీద కేబుల్ వంతెన కడుతుండగా 2009 డిసెంబర్ 24న కూలి 48 మంది చనిపోయారు. ఆ వంతెన 2017లో గానీ తెరుచుకోలేదు. మన మానేరు మీదే, పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర, 2016లో మొదలై సగంలో ఆగిన ఒక మామూలు వంతెన గర్డర్లు 2024 ఏప్రిల్‌లో రాత్రి ఈదురుగాలికి పడిపోయాయి. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. ఒకే నది మీద ఒకచోట తీగల వంతెనకు జనం జాతరలా వస్తున్నారు, ఇంకోచోట ఊళ్లవాళ్లు మట్టిదారిలో నది దాటుతూ తలమీద గర్డర్ల వైపు చూసుకునేవాళ్లు.

ఆగిపోయిన పని ఆగిన చోటే ఉండదు. దాని మీద ఎండ, వాన, గాలి పనిచేస్తూనే ఉంటాయి. కలకత్తాలో హుగ్లీ మీది విద్యాసాగర్ సేతుకు 1972 మే 20న శంకుస్థాపన జరిగింది, పని 1979లో మొదలైంది, 1992 అక్టోబర్ 10న తెరిచారు. ఇరవై ఏళ్లు. స్పాన్ 457 మీటర్లు, మన దేశంలో ఆ స్థాయి కేబుల్ వంతెన అదే మొదలు. ఒకసారి శిక్షణ కోసం వెళ్లి చూశాను. ఉక్కు పనంతా రివెట్లతోనే. రివెట్ల మనిషిని కాబట్టి నాకు సొంతింటికి వెళ్లినట్టు అనిపించింది.

5. కప్పి ఉన్నదాన్నే ఎక్కువ చూడు

నా పాఠాల్లో ఒక్కటే గుర్తుంచుకోగలనంటే ఇది గుర్తుంచుకో.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక వాగు మీద పాత గర్డర్ వంతెన తనిఖీ. మిట్ట మధ్యాహ్నం, పీరు మీదికి దిగాలంటే నిచ్చెన లేదు, తాడు పట్టుకుని దిగాలి. పైనుంచి వంగి చూశాను, గర్డర్ కదలడానికి దాని కింద ఉండే బేరింగులు నల్లగా గ్రీజు పూసినట్టే కనిపించాయి. రిజిస్టర్‌లో "బాగున్నవి" అని రాశాను. నాతో వచ్చిన పెద్ద ఖలాసీ నా మాటకు అడ్డు చెప్పలేదు. తువ్వాలు తలకు చుట్టుకుని తాడు పట్టుకుని తానే దిగాడు. కాసేపటికి పైకొచ్చి అరచేతిలో ఇంత తుప్పు పెళ్లలు చూపించాడు. గ్రీజు పైపైన ఉంది. కింద పక్షులు తెచ్చిన పుల్లలు, దుమ్ము, బురద గడ్డకట్టి బేరింగు కదలకుండా పట్టేసింది. గర్డర్ ఎండకు సాగినప్పుడల్లా ఆ బలమంతా పీరు తలను తోస్తోంది. రాళ్ల మధ్య అప్పటికే సన్నటి చీలిక ఉంది. "సార్, పైనుంచి చూస్తే అన్నీ బాగుంటయ్" అన్నాడు, అంతే. నేను రాసింది కొట్టేసి, దిగి చూసి, మళ్లీ రాశాను. ఆ కొట్టివేత గీత నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఆ తర్వాత 35 ఏళ్లలో దిగకుండా "బాగున్నవి" అని రాయలేదు.

ఇప్పుడు జెనోవా సంగతి విను. ఇటలీలో ఆ ఊరి మీదుగా, పోల్చెవెరా నది దాటుతూ మొరాండి అనే ఇంజనీరు కట్టిన కేబుల్ వంతెన 1967లో తెరుచుకుంది. ఉక్కు తీగలకు తుప్పు పట్టకూడదని వాటిని కాంక్రీటులో పొదిగాడు. మంచి ఉద్దేశమే. కానీ సముద్రపు గాలి, ఫ్యాక్టరీల పొగ కాంక్రీటు పగుళ్లలోంచి లోపలికి పోయాయి. లోపల తీగను తుప్పు ఎంత తిన్నదో బయటివాడికి కనపడదు. తుప్పు ముప్పు గురించి 1979లో మొరాండి తానే హెచ్చరించాడు. 2018 ఆగస్టు 14న వానలో ఒక భాగం కూలి 43 మంది పోయారు. పైగా దానికి తీగలు చాలా కొద్ది. ఒక్కటి పోతే దాని పని అందుకోవడానికి పక్కన ఇంకొకటి లేదు.

ఇప్పటి వంతెనలు అలా కట్టడం లేదు. తీగలు ఎక్కువ, ఒక్కటి పోయినా మిగతావి కాస్తాయి. ఒక్కో తీగ లోపల ఏడేసి సన్నని ఉక్కు కమ్మీలు పేనిన స్ట్రాండ్లు అనేకం ఉంటాయి. ఒక్కో స్ట్రాండ్‌కు మైనం, పైన తొడుగు, మొత్తానికి పెద్ద ప్లాస్టిక్ గొట్టం. అవసరమైతే ఒక్కో స్ట్రాండ్‌ను తీసి కొత్తది వేసుకోవచ్చు. అయితే కరీంనగర్‌లోనైనా, దుర్గంచెరువులోనైనా నువ్వు చూసే ఆ నిగనిగలాడే గొట్టం తీగ కాదు, తీగ చొక్కా. అసలు సంగతి తీగ దారిలోకి దిగే చోట, పైలాన్‌లోకి ఎక్కే చోట, తీగ కొసను బిగించి పట్టే యాంకరేజ్ దగ్గర ఉంటుంది. వాన నీరు గొట్టం వెంబడి జారి చేరేది కింది యాంకరేజ్‌కే. అక్కడి మూత విప్పి చూడమను. నీళ్లు పోయే చిన్న తూము మూసుకుపోయిందా చూడు. ఆ తూములో దారం ముక్క, పాన్‌మసాలా కాగితం ఇరుక్కున్నా చేత్తో తీసెయ్. అది నీ పని కాదని ఎవరైనా అంటే విననట్టు ఊరుకో.

6. వానలో తీగలు ఊగుతాయి

పెద్ద గాలికి ఊగితే ఆశ్చర్యం లేదు. సన్నటి వాన, ఓ మాదిరి గాలి కలిసినప్పుడు తీగలు బారెడు దాకా ఊగడం 1980లలో జపాన్‌లో కనిపెట్టారు. వాన నీరు గొట్టం మీద సన్నటి ధారగా జారుతుంది. ఆ ధార వల్ల గుండ్రటి తీగ గాలికి గుండ్రంగా అనిపించదు, రెక్కలాగా అనిపిస్తుంది. నీళ్ల ధార ఎంత, తీగ ఎంత! అందుకే గొట్టం చుట్టూ మెలికలు తిరిగిన సన్నటి అంచు పెడతారు, ధార విడిపోవడానికి. దారి దగ్గర తీగకు ఊపును అణిచే డ్యాంపర్లు బిగిస్తారు. ముసురు పట్టిన రోజున గొడుగు తీసుకుని వంతెన మీదికి వెళ్లు, ఎండ రోజున కాదు.

7. చిన్న వంతెనను చిన్నచూపు చూడకు

మా నాన్న షాద్‌నగర్ దగ్గర గ్యాంగ్‌మన్. 1956 సెప్టెంబర్ 2 రాత్రి జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వానకు ఒక చిన్న వంతెన పోయి రైలు పడింది. వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. అదే నవంబర్‌లో అరియలూరు ప్రమాదం తర్వాత ఇచ్చిన రాజీనామాను ఒప్పుకున్నారు. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. నాన్న రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చి నీళ్లు కాచమన్నాడు, స్నానం చేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏం చూశాడో మాకు ఎన్నడూ చెప్పలేదు. నేను వంతెనల పనిలోకి ఎందుకొచ్చానని నువ్వు చిన్నప్పుడు చాలాసార్లు అడిగావు. అందుకే వచ్చాను.

2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర మళ్లీ అదే. ఎగువన చెరువు తెగి, ఆ నీరు రైలుకట్ట మీది చిన్న వంతెనను ఊడ్చేసింది. డెల్టా ప్యాసింజర్ పెట్టెలు నీళ్లలోకి వెళ్లాయి. మళ్లీ వందకు పైగా ప్రాణాలు. నాకు రిటైర్మెంట్ మూడేళ్ల దూరంలో ఉంది. ఆ కట్ట మీద నిలబడి నాన్న వీపు గుర్తుచేసుకున్నాను.

తెలంగాణ నేల గొలుసుకట్టు చెరువుల నేల. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు, అక్కణ్నుంచి ఇంకో చెరువుకు. పైది తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారే కిందివాటి మీద పడతాయి. అందుకే రైల్వేలో మాకు ఒక రిజిస్టర్ ఉంటుంది, తెగితే రైలుకట్ట మీదికి నీళ్లు రాగల చెరువుల పట్టిక. వానాకాలం ముందు ఆ చెరువు కట్టలు నడిచి చూడాలి. చెరువు రైల్వేది కాదు, కట్ట రైల్వేది కాదు, అయినా చూడాలి. పెద్ద తీగల వంతెనకు కావలి ఉంటుంది, లైట్లుంటాయి, మంత్రులొస్తారు. దానికి వెళ్లే అప్రోచ్ రోడ్డు కింద ఉన్న రెండు మీటర్ల కల్వర్టు పేరు ఎవరికీ తెలియదు. వంతెన చూడడానికి వెళ్లినప్పుడు ఆ కల్వర్టు దగ్గర ఆగు.

8. జనం వస్తారు, వాళ్ల కోసం చోటు ముందే పెట్టు

దుర్గంచెరువు వంతెన తెరిచిన తొలి వారాల్లో జనం ఎంతగా వచ్చారంటే శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దున దాకా బండ్లను ఆపి వంతెనను నడిచేవాళ్లకు వదిలేశారు. మిగతా రోజుల్లో రోడ్డు మధ్యలో నిలబడి ఫోటోలు దిగేవాళ్లను పోలీసులు అదుపు చేయాల్సి వచ్చింది. చాలామంది జనాన్ని తిట్టారు. నాకు మాత్రం కోపం రాలేదు. సికింద్రాబాద్ పిల్లలుగా మేం ఆదివారం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీదికి ఎందుకు వెళ్లేవాళ్లం? గాలి కోసం, నీళ్ల కోసం, ఊరు ఒక్కసారిగా ఎదురుగా కనిపించినందుకు. ట్యాంక్‌బండ్ కూడా చెరువుకట్టే, రెండు ఊళ్లను కలిపే దారే. దాని మీద నిలబడే హక్కు మాకుందా అని ఎవరూ అడగలేదు.

మీ అమ్మమ్మతో కలిసి ఒక శనివారం రాత్రి దుర్గంచెరువు మీద నడిచాను. ఆమెకు మోకాళ్ల నొప్పి. మధ్యలో కూర్చోవడానికి చోటు లేదు. ఫుట్‌పాత్ అంచు మీదే కాసేపు కూర్చుంది. తీగల మీద రంగు లైట్లు మారుతుంటే చిన్నపిల్లలా లెక్కపెట్టింది. నువ్వు బొమ్మలు గీసే రోజున రెండు బెంచీలు గీయి బిడ్డా. బరువు లెక్కలో వాటిని కలుపుకో, గుంపుగా నిలబడే మనుషుల బరువును కూడా కలుపుకో. ఒక చదరపు మీటరులో ఒత్తుగా నిలబడ్డ మనుషులు పోయే కార్ల కంటే ఎక్కువ బరువు.

9. రిజిస్టర్ నీ చేత్తో రాయి

గోదావరి మీద రాజమండ్రిలో హేవ్‌లాక్ వంతెన 1900లో తెరుచుకుని 1997 దాకా రైళ్లను మోసింది. 56 స్పాన్లు. దాని పాత కాగితాల్లో మనకు ముందు తరాల చేతిరాతలు చూశాను, ఇంగ్లీషువాళ్లవి, తమిళులవి, మనవాళ్లవి. ఏ స్పాన్‌లో ఏ రివెట్ వదులైందో తారీఖుతో సహా. సుత్తితో ఒక వైపు కొట్టి రెండో వైపు వేలు ఆనించి చూసి రాసిన మాటలు అవి. ఇప్పుడు తీగల్లో సెన్సార్లు పెడుతున్నారు, బిగువు ఎంతో కంప్యూటర్‌లో కనిపిస్తుంది. మంచిదే. ఆ అంకెను నమ్ము. నమ్మి, దిగి చూసి, నీ చేత్తో కూడా రాయి.

ఇది రాస్తుండగానే మనవరాలు నా ఫోనుకు కరీంనగర్ నుంచి ఫోటోలు పంపింది. ఆఫీసు పని మీద అటు వెళ్లి, తిరిగొస్తూ వంతెన దగ్గర ఆగిందట. పైలాన్లవి రెండు, మిగతా పదకొండూ కింద నుంచి తీసినవే, నీటి అంచున నిలబడి. ఒడ్డు దగ్గర బేరింగు ఫోటో స్పష్టంగా ఉంది. అవతలి ఒడ్డుది లేదు. ఫోన్ చేసి అడిగాను. అటువైపు ముళ్ల కంపలున్నాయి తాతా, చీకటి పడింది, దిగలేకపోయాను అంది. ఆదివారం ఇద్దరం వెళ్దామన్నాను. జూబ్లీ బస్ స్టేషన్‌లో పొద్దున్నే తొలి కరీంనగర్ బస్సు పట్టుకుంటే ఎండ ముదరకముందే నది దగ్గర ఉంటాం. కత్తి, తాడు నేను తెస్తాను, గట్టి అడుగున్న బూట్లు వేసుకుని రమ్మన్నాను.